హెచ్‌ఐవీతో వృద్ధాప్యం: ఏఆర్‌టీ సెంటర్ బాధ్యత వైరస్‌తోనే తీరిపోదు

2004 ఏప్రిల్ 1న కేంద్రం హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు తొలి జాబితాలోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఉంది. హెచ్‌ఐవీ తీవ్రంగా ఉన్న రాష్ట్రాల్లో మనదొకటి మరి. ఆ రోజుల్లో మందు మొదలుపెట్టినవారికి ఉన్న ఆశ ఒక్కటే, పిల్లలు ఓ దారిన పడేదాకా బతికితే చాలని. వాళ్లు బతికారు. ఇప్పుడు యాభై దాటారు, కొందరు అరవైల్లో ఉన్నారు. మందు మానకుండా వేసుకుని, వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ మోతాదు) పరీక్షకు అందనంతగా తగ్గినవారి నుంచి లైంగికంగా మరొకరికి వైరస్ సోకదు కూడా. మన ప్రజారోగ్య వ్యవస్థ గర్వపడాల్సిన విజయమిది. కానీ చావు తప్పించిన ఆ వ్యవస్థ, ముసలితనానికి ఇంకా సిద్ధపడలేదు.

మోకాళ్ల నొప్పి సంగతే చూద్దాం. మిరప కోతల్లో, పత్తి చేలల్లో ఏళ్ల తరబడి నడుం వంచి పనిచేసిన స్త్రీకి యాభై దాటాక కాళ్లు పట్టేస్తాయి. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్తే డైక్లోఫినాక్ సూది వేసి, నాలుగు రోజులకు బిళ్లలిస్తాడు. ఆమె రోజూ రాత్రి వేసుకునే ఏఆర్‌టీ బిళ్లలో టెనోఫోవిర్ ఉంటుందని ఆయనకు తెలియదు. ఆమె చెప్పదు, చెబితే సాయంత్రానికి ఊరంతా పాకుతుంది. టెనోఫోవిర్ కొందరిలో కిడ్నీలను దెబ్బతీస్తుంది, ఎముకలను గుల్ల చేస్తుంది. దానికి నొప్పి బిళ్లలు తోడైతే కిడ్నీలకు ముప్పు పెరుగుతుంది. అదే బిళ్లలో ఉండే ఇంకో మందు డోలుటెగ్రావిర్‌తో మరో చిక్కు. కాల్షియం బిళ్లో, ఐరన్ బిళ్లో దానితోపాటు ఖాళీ కడుపున వేసుకుంటే ఏఆర్‌టీ మందు ఒంటికి సరిగా పట్టదు. షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్ మోతాదు కూడా దాన్ని బట్టి సరిచూసుకోవాలి. తెలిసిన డాక్టరుకు ఇవన్నీ రెండు నిమిషాల్లో తేలే విషయాలు. అయితే ఏఆర్‌టీ ఇచ్చేది ఒకచోట, బీపీ, షుగర్ చూసేది ఇంకోచోట, ఎముకలు చూసేది మరోచోట. ఒకచోటి సంగతి మరోచోట చెప్పాల్సింది ఆమే. అక్కడే ఆమెకు నోరు పెగలదు.

వైరస్ అదుపులో ఉన్నా ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ (లోలోపలి వాపు, మంట) పూర్తిగా చల్లారదు. గుండె జబ్బుల ముప్పు వీరిలో ఎక్కువగా ఉండటానికి అదొక కారణం. మన దేశం సహా 12 దేశాల్లో, 40 నుంచి 75 ఏళ్ల మధ్య ఉన్న 7,700 మందికి పైగా హెచ్‌ఐవీ బాధితులపై జరిగిన రిప్రీవ్ అధ్యయనం ఫలితాలు 2023లో వచ్చాయి. రోజూ కొలెస్ట్రాల్ తగ్గించే పిటావాస్టాటిన్ బిళ్ల వేసుకున్నవారిలో గుండెపోటు, పక్షవాతం లాంటి పెద్ద ప్రమాదాలు 35 శాతం తగ్గాయి. మందుల కోసం ఎలాగూ సెంటర్‌కు వచ్చే మనిషికి బీపీ, షుగర్, కొలెస్ట్రాల్, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ అక్కడే చూసి, ఆ మందులూ అదే కౌంటర్‌లో ఇస్తే సగం బాధ తీరుతుంది. చీటీ రాసి వేరే విభాగానికి పంపిస్తే, ఆ చీటీ జేబులోనే ఉండిపోతుంది.

మందులతో తీరని బాధ ఇంకొకటి ఉంది. ఈ తరంలో చాలామంది భర్త ద్వారా వైరస్ సోకిన స్త్రీలు. ఉచిత మందులు రాకముందే భర్త పోయాడు, అత్తింటివారు గడప దాటించారు, కూలి చేసి పిల్లల్ని పెంచారు. ఇప్పుడు కొడుక్కి తెలిసినా కోడలికి తెలియకూడదని డబ్బా మీద లేబుల్ చింపేసి, బియ్యం డబ్బాలో దాచుకుంటున్నారు. రేపు మంచాన పడితే ఆ డబ్బా తీసి బిళ్ల అందించేదెవరు? ఆంధ్రప్రదేశ్‌లో ఏఆర్‌టీ వాడేవారికి 2024 జులై నుంచి నెలకు 4,000 రూపాయల పింఛను ఇస్తున్నారు. తెలంగాణలో ఆసరా పథకం కింద 2,016 రూపాయలు నిర్ణయించారు. ఇది నిజంగా పెద్ద ఆసరాయే. కానీ జాబితాలో పేరెక్కితే జబ్బు బయటపడుతుందన్న భయంతో వద్దనుకునేవారి గురించీ ఆలోచించాలి.

2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ చట్టం వైద్యం, బీమా, అద్దె ఇల్లు, ఉద్యోగం దేనిలోనూ వివక్ష చూపకూడదంటోంది. ఫిర్యాదులు వినడానికి ప్రతి రాష్ట్రం అంబుడ్స్‌మన్‌ను నియమించాలనీ చెబుతోంది. ఆ అధికారి పేరు, ఫోన్ నంబరు ప్రతి ఏఆర్‌టీ సెంటర్ గోడ మీద తెలుగులో పెద్ద అక్షరాలతో రాయాలి. వృద్ధాశ్రమం చేర్చుకోనన్నా, ఆసుపత్రి ఆపరేషన్ వాయిదా వేస్తూ పోయినా ఎవరికి ఫోన్ చేయాలో అరవై ఏళ్ల మనిషికి తెలియాలి.