అరవై అయిదో కళ

కళలు అరవై నాలుగని మన పెద్దలు ఎప్పుడో లెక్క తేల్చారు. వాత్స్యాయనుడి జాబితా తీసి చూస్తే పాట, నాట్యం, చిత్రలేఖనంతోపాటు చిలకలకూ గోరింకలకూ మాటలు నేర్పడం, నీళ్లు వాయించడం, పొట్టేళ్లనూ కోళ్లనూ పందేలకు దించడం కూడా కనిపిస్తాయి. (సంక్రాంతికి భీమవరం వెళ్లేవాళ్లు ఈ సంగతి పోలీసులకు చెప్పి చూడొచ్చు.) పుస్తకం చదవడం కూడా ఆ జాబితాలో ఉంది. అయితే ఆ రోజుల్లో చదవడమంటే నలుగురూ వినేలా గొంతెత్తి, రాగం తీసి చదవడం. చదివాడో లేదో వీధి మొత్తానికీ తెలిసిపోయేది.

ఇప్పుడు మన మధ్య ఇంకో రకం చదువు పుట్టి, పెరిగి, పెళ్లీడుకొచ్చింది. కళాకారుడిలా ఎలా బతకాలి, డిజైనర్‌లా ఎలా ఆలోచించాలి, లోపల నిద్రపోతున్న సృజనను ఎలా తట్టి లేపాలి అని చెప్పే పుస్తకాలు కొనడం, వాటిలో గీతలు గీయడం, కాఫీ కప్పు పక్కన పెట్టి ఫొటో తీసి స్టేటస్‌లో పెట్టడం. కళ జోలికి మాత్రం పోకపోవడం. దీనికి డబ్బు కావాలి, నిగ్రహం కావాలి, ఇంట్లోవాళ్లకు ఓర్పు కావాలి. ఇన్ని కావాల్సిన పనిని కళ అనకపోతే ఇంకేమంటాం? దీన్ని అరవై అయిదో కళగా గుర్తించవలసిందిగా సంబంధిత పెద్దలకు సవినయంగా మనవి చేస్తున్నాను.

ఇందులో చేయి తిరిగినవాళ్లను ఇట్టే గుర్తుపట్టొచ్చు. అలమరలో పుస్తకాలు రంగుల వారీగా సర్ది ఉంటాయి. ఏ ఒక్కటి తెరిచినా మొదటి ముప్పయి పేజీల్లో పసుపు హైలైటర్ పొంగి పొర్లుతుంటుంది. అక్కడి నుంచి అట్టదాకా ప్రెస్‌లోంచి ఎలా వచ్చాయో అలాగే ఉంటాయి. పక్కన ఖరీదైన స్కెచ్‌బుక్. మొదటి పేజీ ఖాళీ, ఎందుకంటే మొదటి బొమ్మ బాగా కుదరాలి. రెండో పేజీ కూడా ఖాళీ, ఎందుకంటే మొదటిది వదిలేసి రెండోదాంట్లో వేస్తే బాగుండదు. కాగితం మందం అడగండి, టక్కున చెబుతారు: మూడు వందల జీఎస్ఎమ్.

నాకు తెలిసిన ఒకింట్లో మామగారికి ఈ సాధన అర్థం కాలేదు.

"అల్లుడుగారూ, బొమ్మలు వేస్తున్నారని అమ్మాయి చెప్పింది. ఏదీ, ఒకటి చూపించండి."

"ఇంకా వెయ్యలేదండీ మామయ్యగారూ. ప్రాసెస్‌లో ఉన్నాను."

"ఎప్పట్నుంచి?"

"కరోనా అప్పట్నుంచండీ."

మామగారు రిటైరైన డ్రాయింగు మాస్టారు. హైస్కూల్లో తరాల తరబడి పిల్లల చేత కుండా, వంకాయా, అరటిపండూ గీయించిన మనిషి. కుండ రావాలంటే కుండ గియ్యాలి అనుకునే రకం. ఇలాంటివారికి కొత్త సిద్ధాంతాలు ఒక పట్టాన ఎక్కవు.

ఆయన్నని ఏం లాభం? పాతకాలం పుస్తకాలే అలా ఉండేవి. 1400 ప్రాంతంలో ఇటలీలో చెన్నినో చెన్నిని అనే చిత్రకారుడు (పేరు వింటే కడప జిల్లా పెద్దాయనేమో అనిపిస్తుంది గానీ, టస్కనీ మనిషి) చిత్రకళ మీద ఒక పుస్తకం రాశాడు. మనలో దాగిన కళాకారుడి గురించి అందులో ఒక్క ముక్క లేదు. ఉన్నదంతా మేక చర్మం ముక్కలు ఉడకబెట్టి జిగురు ఎలా తియ్యాలి, చెక్కకు సుద్ద ఎలా పట్టించాలి, ఏ రంగు ఎంతసేపు నూరాలి, ఇదీ గొడవ. ఇంగిలీకమనే ఎర్ర రంగును రోజూ నూరుతూ ఇరవయ్యేళ్లు నూరినా ఇంకా మెరుగవుతుందే తప్ప చెడదట! శిష్యరికం లెక్క చూస్తే గుండె జారుతుంది. ఒక ఏడాది గీతలు. ఆరేళ్లు గురువు దగ్గర రంగులు నూరడం, జిగురు కాచడం. ఆపైన ఇంకో ఆరేళ్లు రంగు వెయ్యడం. పండగైనా పబ్బమైనా గియ్యడం మానకూడదు. తిండి మితంగా తినాలి, ఆడవాళ్ల సావాసం శ్రుతి మించితే గాలికి ఆకు వణికినట్టు చెయ్యి వణుకుతుంది అని పైనుంచి హెచ్చరిక. చదివేవాడి ఆత్మవిశ్వాసం ఏమైపోతుందోనన్న దయాదాక్షిణ్యాలు బొత్తిగా లేని రచయిత.

మనవాళ్లు మాత్రం తక్కువ తిన్నారా? విష్ణుధర్మోత్తర పురాణంలో వజ్రుడనే రాజు, దేవతా ప్రతిమలు ఎలా చెయ్యాలో చెప్పమని మార్కండేయుణ్ణి అడిగాడు. ముందు చిత్రకళ తెలియాలన్నాడాయన. పోనీ అదే చెప్పండన్నాడు. దానికి నాట్యం తెలియాలి. నాట్యానికి వాద్యం. వాద్యానికి గానం. ప్రతిమ కోసం వచ్చిన రాజు సరిగమల దగ్గర తేలాడు. మార్కండేయుడి ఉద్దేశం ఏదైనా, ఈ పద్ధతిని నేటి ప్రచురణకర్తలు చక్కగా ఒంటబట్టించుకున్నారు. పుస్తకం కొన్నవాడికి దాని వర్క్‌బుక్ కావాలి, వర్క్‌బుక్ కొన్నవాడికి జర్నల్, జర్నల్ కొన్నవాడికి కార్డుల పెట్టె.

1992లో జూలియా కామెరాన్ 'ది ఆర్టిస్ట్స్ వే' వచ్చాక మనం ఊపిరి పీల్చుకున్నాం. చెన్నిని గారి పదమూడేళ్లు పన్నెండు వారాలకు దిగాయి. మేకల ఊసు లేదు. పొద్దున లేస్తూనే మూడు పేజీలు చేత్తో రాయాలి, మనసులో ఏది తోస్తే అది. వారానికోసారి మనలోని కళాకారుణ్ణి షికారుకు తీసుకెళ్లాలి, వెంట ఇంకెవరూ రాకూడదు.

సులువైన పనే. కాకపోతే మన ఇళ్లలో పొద్దున్న ఆరింటికి మనసులో తోచేది ఒకటే ఉంటుంది. మొదటి పేజీలో మోటార్ వెయ్యాలి, పాలు పొంగుతున్నట్టున్నాయి, పెద్దాడి సాక్సులు ఒకటే కనిపిస్తోంది. రెండో పేజీలో పిండి పులిసిందో లేదో, పనమ్మాయి ఇవాళ రాదేమో, గ్యాస్ బుక్ చెయ్యాలి. మూడో పేజీ ఉండదు, స్కూల్ బస్సు వచ్చేస్తుంది. ఇక షికారు సంగతి. "ఆదివారం సాయంత్రం నాలోని కళాకారిణితో కలిసి బయటికి వెళ్తున్నానండీ అత్తయ్యా" అని ఒక కోడలు చెబితే, అత్తగారు ఒక్క క్షణం ఆలోచించి, "ఆవిడెవరే, మనవాళ్లేనా?" అని అడిగారట.

దినచర్య విషయంలో మగవాళ్లకు ఈ ఇబ్బంది తక్కువ. 2013లో మేసన్ కరీ అనే ఆయన, గొప్పవాళ్లు రోజు ఎలా గడిపేవారో ఏరి 'డైలీ రిచువల్స్' అని వేశాడు. బీథోవెన్ కాఫీకి సరిగ్గా అరవై గింజలు లెక్కపెట్టేవాడట. ఇది చదివిన మన సాధకులు కాఫీ గింజలకు ఆర్డర్ పెట్టేశారు. సింఫనీ ఒక్కటే బాకీ. ఫ్రాయిడ్ గారికైతే భార్య బట్టలు తీసిపెట్టడంతో ఆగక, బ్రష్ మీద పేస్టు కూడా వేసి ఇచ్చేదట. ఇక్కడికొచ్చేసరికి తెలుగు మగవాళ్లెవరూ ఆశ్చర్యపోలేదు. ఇంతకాలం మేధావులమని తెలియకుండానే బతికేశామే అని కాస్త నొచ్చుకున్నారంతే. ఆ పుస్తకంలోని 161 మందిలో ఆడవాళ్లు 27 మందేనని తర్వాత రచయితే ఒప్పుకుని, 2019లో వాళ్ల కోసం విడిగా ఇంకోటి రాశాడు. అందులో భర్త పేస్టు వేసిచ్చిన ఘట్టం నా కంట పడలేదు.

ఈ మొత్తం వ్యవహారంలో దాపరికం లేకుండా మాట్లాడింది మన అల్లసాని పెద్దన ఒక్కడే. 'నిరుపహతి స్థలంబు' అని మొదలయ్యే చాటువు ఆయనదేనని చెప్పుకుంటాం కదా. ఎవరూ అడ్డురాని చోటు, ప్రియురాలి దూతిక తెచ్చి ఇచ్చే కప్పురవిడెం, మనసుకు నచ్చిన భోజనం, ఉయ్యాలమంచం, తప్పేదో ఒప్పేదో తెలిసిన రసికులు, కవి ఊహ పట్టుకోగల లేఖకులూ పాఠకులూ దొరికితే తప్ప, ఊరికే కావ్యాలు రాయమంటే అయ్యే పనేనా అన్నాడు. నాలుగు వందల పేజీల సరుకు నాలుగు పాదాల్లో సర్దేశాడు. అంతకన్నా గొప్ప సంగతి, ఆ పద్యాన్ని పాఠకులకు అమ్మలేదు. ఖర్చు భరించాల్సిన రాజుగారికే నేరుగా కొటేషన్ ఇచ్చాడు. తర్వాత మనుచరిత్ర రాసి అప్పజెప్పాడు. ఆ చివరి పనితో అరవై అయిదో కళకు అనర్హుడైపోయాడనుకోండి, అది వేరే సంగతి. ఉయ్యాలమంచం దగ్గర ఆగి ఉంటే ఆయన్నే మనం మూలపురుషుడిగా పెట్టుకునేవాళ్లం.

మిగతావాళ్ల గురించి క్లుప్తంగా. 2002లో స్టీవెన్ ప్రెస్‌ఫీల్డ్ 'ది వార్ ఆఫ్ ఆర్ట్' రాసి, మనల్ని పని చెయ్యనివ్వని శక్తికి రెసిస్టెన్స్ అని పేరు పెట్టాడు. అంతకుముందు "వీడు ఒళ్లు వంచడు" అనే ఇంట్లోవాళ్ల దగ్గర ఇప్పుడు "నేను యుద్ధంలో ఉన్నాను" అనొచ్చు. 2012లో ఆస్టిన్ క్లియాన్, కళాకారుడిలా దొంగిలించండి అని ఒక పుస్తకం తెచ్చాడు. ఫిల్మ్‌నగర్‌కు ఈ మాట చెప్పడం తాతకు దగ్గులు నేర్పడమే. ఎక్కణ్ణుంచి తీసుకున్నారో వాళ్ల పేరు చెప్పండి అని కూడా రాశాడు పాపం. మనవాళ్లకు చేరిన కాపీల్లో ఆ పేజీ ఊడిపోయినట్టుంది.

ఇక డిజైన్ పుస్తకాలు. బ్రాన్ కంపెనీకి రేడియోలూ రికార్డ్ ప్లేయర్లూ డిజైన్ చేసిన డీటర్ రామ్స్ అనే జర్మన్, మంచి డిజైన్‌కు పది సూత్రాలు చెప్పాడు. పదోది: వీలైనంత తక్కువ డిజైనే మంచి డిజైన్. దీన్ని ఫ్రేమ్ కట్టించి గోడకు తగిలించుకున్నవాళ్లను నేనెరుగుదును. వాళ్లందరినీ ఒక్కసారి, నాయకుడి పుట్టినరోజు ముందు రాత్రి, ఏ మండల కేంద్రంలోనైనా ఫ్లెక్సీ షాపులో పదకొండింటికి నిలబెట్టాలని నా కోరిక. స్క్రీన్ మీద కోరల్‌డ్రా, అను ఫాంట్లు. ఆపరేటర్ కుర్రాడి కుర్చీ వెనక నలుగురు.

"అన్న ఫొటో ఇంకా పెద్దది చెయ్ తమ్ముడూ."

"చేస్తే ఎమ్మెల్యేగారి తల తెగుద్దన్నా."

"తల తెగకూడదు. ప్రెసిడెంటుగారిని పక్కకి జరుపు. ఇదేంటి, ఇక్కడ ఖాళీ వదిలేశావ్?"

"కొంచెం గాలాడాలి కదన్నా."

"గాలెందుకు, మా బామ్మర్ది ఉన్నాడుగా. వాట్సాప్‌లో పంపిస్తా, పెట్టు."

పై వరుస గుండ్రాల్లో ఎవరు ముందు, ఎవరు వెనక, ఎవరి పక్కన ఎవరు ఉంటే తెల్లారేసరికి చింపేస్తారు, పోయిన వారం పార్టీ మారినాయన్ని పాత ఫైల్లోంచి ఎలా లేపెయ్యాలి, వెనకాల సింహం పెట్టాలంటే అన్న మొహం ఎటు తిరిగి ఉండాలి, అన్నీ ఆ కుర్రాడికి తెలుసు. పసుపు ఏ పసుపు, నీలం ఏ నీలం, గులాబీ ఏ గులాబీ అన్నది తప్పితే షాపు ఉండదని కూడా తెలుసు. నాలుగింటికి ప్రింటు, ఐదింటికి సెంటర్‌లో కట్టేస్తారు. మళ్లీ రాత్రికి ఇంకో అన్న. మూడు పేజీలు రాసుకోడు, కాఫీ గింజలు లెక్కపెట్టడు, తనకు రెసిస్టెన్స్ ఉందన్న సంగతే ఎరగడు. ఇలా సాధన లేకుండా నేరుగా పని చేసేసే ధోరణిని నేను తీవ్రంగా ఖండిస్తున్నాను. ఇది పిల్లలకు అంటుకుంటే అలమరల వ్యాపారం ఏం కావాలి?

ఈ పుస్తకాల వల్ల మనుషులు పని మానేస్తున్నారని కొందరు గొణుగుతుంటారు. వీళ్లు సమాజ శ్రేయస్సు ఆలోచించరు. అరవై అయిదో కళలో మునిగిన ఇంతమందీ ఒకేసారి పుస్తకాలు మూసి, కలాలు పట్టుకుంటే పరిస్థితి ఏమిటి? చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో ఆవిష్కరణ సభకు తేదీ దొరుకుతుందా? శాలువాలు సరిపోతాయా? సభాధ్యక్షుడు, ముఖ్య అతిథి, ఆత్మీయ అతిథి, విశిష్ట అతిథి పోగా కింద కుర్చీల్లో కూర్చోడానికి ఎవరు మిగులుతారు? చదివేవాడు చదువుతుండబట్టే మన సాయంత్రాలు మనకు మిగులుతున్నాయి.

నేనైతే ఈ సేవలో నా వంతు చేస్తున్నాను. ఈమధ్య ఒక మిత్రుడు ఫోన్ చేసి, కవితా సంపుటి రెడీ అయింది, ముందుమాట మీరే రాయాలి అన్నాడు. సరేనని, మర్నాడే రిక్ రూబిన్ 'ది క్రియేటివ్ యాక్ట్' తెప్పించి ఆయనకు కానుకగా పంపాను. 2023లో వచ్చింది, నాలుగు వందల పైచిలుకు పేజీలు. రాసినాయన పేరుమోసిన సంగీత నిర్మాత. తనకు వాయించడం అంతంతమాత్రమనీ, తన అభిరుచి మీద తనకున్న నమ్మకానికే డబ్బులిస్తారనీ టీవీలో చెప్పినవాడు. నెల తిరిగాక మిత్రుడు మళ్లీ ఫోన్ చేశాడు. రాయడం ఆపేశాడట. ప్రస్తుతం మౌనాన్ని వినడం అభ్యాసం చేస్తున్నాడట. దీనికి వర్క్‌బుక్ ఉందేమో కనుక్కోమన్నాడు. కనుక్కుంటానన్నాను. ముందుమాట సంగతి ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.