ఫెదర్ మఠం, డెర్బీ పీఠం: ఒక నిష్పాక్షిక విచారణ

లోకంలో మిగిలిన మత విభేదాలన్నీ ఏదో ఒకనాటికి సర్దుకుంటాయేమో గానీ, ఫెదర్ బ్లేడు వాళ్లకూ డెర్బీ బ్లేడు వాళ్లకూ మాత్రం సయోధ్య కుదరదు. ఇద్దరూ పొద్దున్నే లేస్తారు, అద్దం ముందు నిలబడతారు, ఒకే రకం సేఫ్టీ రేజర్‌తో ఒకే పని చేస్తారు. అయినా ఒకరి చెంపను ఇంకొకరు నమ్మరు. ఈ వివాదంలో తలదూర్చి, ఉభయ పక్షాల వాదనలూ విని, ఎవరికీ నచ్చని తీర్పు చెప్పే బాధ్యత ఎవరో ఒకరు తీసుకోక తప్పదు.

ముందుగా వివాదాస్పద వస్తువు: రెండంచుల షేవింగ్ బ్లేడు. పొడవు సుమారు 43 మిల్లీమీటర్లు, వెడల్పు 22, మందం మిల్లీమీటరులో పదో వంతు. నూటికి 13 పాళ్ల దాకా క్రోమియం, ఒక పాలు కూడా నిండని కార్బన్ ఉన్న స్టెయిన్‌లెస్ ఉక్కు. అంచు మీద ప్లాటినమో క్రోమియమో పూత, దానిపైన నాన్‌స్టిక్ పెనాలకు పూసే టెఫ్లాన్ రకం పూత ఇంకోటి. ఇస్తాంబుల్ బ్లేడు జర్మనీ రేజర్‌లో, జపాన్ బ్లేడు మన సంతలో కొన్న రేజర్‌లో ఏ పేచీ లేకుండా కూర్చుంటుంది. పేచీ అంతా పట్టుకున్నవాడితోనే.

కింగ్ క్యాంప్ జిల్లెట్ ఈ సరుకును 1903లో మొదటిసారి అమ్మకానికి పెట్టినప్పుడు ఏడాది మొత్తానికి పోయినవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు. తలా మూడు చిల్లర. కొన్నవాడికి ఎంపిక లేదు కాబట్టి అభిప్రాయమూ లేదు. గీసుకున్నాడు, పనికి పోయాడు. ఆ తర్వాత అరవై ఏళ్ల దాకా బ్లేడంటే కార్బన్ ఉక్కే. తడి ఆరకుండా వదిలేస్తే తెల్లారేసరికి తుప్పు. 1960ల తొలినాళ్లలో బ్రిటన్ కంపెనీ విల్కిన్సన్ స్వోర్డ్ పూత పూసిన స్టెయిన్‌లెస్ బ్లేడు తెచ్చాక ఆ బాధ తగ్గింది, 1963లో జిల్లెట్ కూడా ఆ దారికే వచ్చింది. తుప్పు వదిలింది, తత్వం పట్టుకుంది.

ఇప్పుడు సంప్రదాయాలు. ఫెదర్ మఠం వారిది జపాన్ మూలం. పదునే పరబ్రహ్మమని వీరి సిద్ధాంతం. ముదురు గడ్డాన్ని లాగకుండా తెగ్గోస్తుంది, అందులో అనుమానం లేదు. కానీ చేయి ఒక్క నూలు పక్కకు జరిగితే ప్రాయశ్చిత్తం రక్తంతోనే. రెండు మూడు షేవులకే బ్లేడును విసర్జించడం వీరి ఆచారం. డెర్బీ పీఠం వారిది టర్కీ. అహింసా పరమో ధర్మః. పలచటి గడ్డానికీ, సున్నితమైన చర్మానికీ, కొత్తగా దీక్ష తీసుకున్నవాడికీ ఇది క్షేమం. ముదురు గడ్డం మీద మాత్రం గడ్డం మొన దగ్గరకు రాగానే లాగుతుంది, లాగితే చేయి నొక్కుతుంది, నొక్కితే అహింస అక్కడితో సమాప్తం. వీళ్లిద్దరి మధ్య పచ్చ ప్యాకెట్ ఆస్ట్రా వాళ్లది మధ్యేమార్గం. అన్ని రకాల గడ్డాలకూ ఫరవాలేదనిపించే బ్లేడు అది. అందువల్ల దాని మీద ఆవేశంగా మాట్లాడేవాడు దొరకడం కష్టం.

ఇవి కాక మన దేశంలో నాలుగో మార్గం ఒకటుంది. కిరాణా కొట్టు ముందు నిలబడి “బ్లేడ్లు ఇవ్వన్నా” అంటారు. కొట్టువాడు టోపాజ్ ఇస్తే టోపాజ్, సెవెన్ ఓ క్లాక్ ఇస్తే సెవెన్ ఓ క్లాక్, సూపర్ మ్యాక్స్ ఇస్తే సూపర్ మ్యాక్స్. అనుయాయుల సంఖ్యలో ఇదే అతిపెద్ద మతం. గ్రంథాలు లేవు, ప్రవచనకర్తలు లేరు, కాబట్టి పండితులు దీన్ని లెక్కలోకి తీసుకోరు.

ఇక ప్రమాణ గ్రంథాల విషయం. బ్లేడు సమీక్షకులు పదునుకు 9.2, నునుపుకు 8.7 అని మార్కులు వేస్తారు. చెంప మీద దశాంశ స్థానం దాకా కొలిచే ఈ ఇంద్రియం ఏమిటో వైద్యశాస్త్రం ఇంకా కనిపెట్టలేదు. ఐదు రకాల బ్లేడ్ల శాంపిల్ ప్యాకెట్ కొన్న మొదటి వారంలోనే ఈ శక్తి సిద్ధిస్తుందట.

మహిమలు లేని మతం ఉండదు. 1959లో చెకొస్లొవేకియా ప్రభుత్వం 91304 నంబరుతో ఒక పేటెంటు ఇచ్చింది. కారెల్ దర్బల్ అనే ఆయన పదేళ్లు ఓపిక పట్టి సంపాదించింది. ఖుఫూ పిరమిడ్ కొలతల నిష్పత్తిలో అట్టముక్కలతో చిన్న పిరమిడ్ చేసి, దాని కింద బ్లేడు పెడితే పదును నిలుస్తుందని అందులోని ప్రతిపాదన. నిలుస్తుందో లేదో గానీ, పేటెంటు మాత్రం నిలిచింది. ఇంకో మహిమ బిరడాది. ఫెదర్ మొదటి షేవు మరీ కరకుగా ఉంటుందని కొందరు కొత్త బ్లేడు అంచును సీసా బిరడాలో ఒకటి రెండుసార్లు దించి తీస్తారు. ఎక్కువ ధర పెట్టి అన్నింటికన్నా పదునైన బ్లేడు కొనడం, ఆ పదును తగ్గించడానికి మళ్లీ శ్రమపడడం! మధ్యలో ఒక మెట్టు తప్పించి నేరుగా ఆస్ట్రా కొనొచ్చు కదా అని అడిగితే శాస్త్రం తెలియనివాడివంటారు.

అసలు విచారణకు వద్దాం. బ్లేడు మీద దాఖలైన ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం నిలబడవు. ఆడలేక మద్దెల ఓడన్న కేసులే ఎక్కువ.

“ఒక పక్క బాగా తెగింది, రెండో పక్క గీరింది, ఈ కంపెనీ నాణ్యత పడిపోయింది” అన్న ఫిర్యాదు తీసుకోండి. ఒకే ముక్క ఉక్కుకు రెండు అంచుల్లో రెండు రకాల వ్యక్తిత్వం ఎందుకుంటుంది? మూడు ముక్కల రేజర్‌లో పై టోపీకీ అడుగు పలకకూ మధ్య బ్లేడుకు వెంట్రుక వాసి ఆట ఉంటుంది. పిడి బిగించేటప్పుడు బ్లేడు ఓ పక్కకు జరిగితే ఆ అంచు ఎక్కువ బయటికి వస్తుంది, రెండోది లోపలికి పోతుంది. మందు సులువు. పిడిని అరచుట్టు వదులు చేయండి. బ్లేడును పొట్టి కొసల దగ్గర మాత్రమే పట్టుకుని సరిచేయండి. టోపీని అరచేత్తో సమంగా అదిమి పట్టి మళ్లీ బిగించండి. రేజర్‌ను కళ్లకెదురుగా పెట్టుకుని రెండు పక్కలా కనిపించే అంచు సమానంగా ఉందో లేదో చూడండి. కొన్ని బ్లేడ్లు కాగితానికి మైనపు చుక్కలతో అతికి వస్తాయి. ఆ మైనం ఒక పక్కే మిగిలిపోయినా బ్లేడు సరిగ్గా కూర్చోదు. గోరువెచ్చటి నీళ్ల కింద పెడితే వదులుతుంది.

రెండో నిందితుడు రేజరే. బ్లేడు అంచు ఎంత బయటికి పొడుచుకొచ్చింది, అంచుకూ అడుగు పలకకూ మధ్య సందు ఎంత అన్నవి రేజర్ తయారుచేసినవాడు నిర్ణయించినవి. మెత్తటి రేజర్‌లో ఫెదర్ సాధువైపోతుంది, దూకుడు రేజర్‌లో డెర్బీకి కూడా కోరలొస్తాయి. అందుకే రేజర్ పేరు చెప్పకుండా బ్లేడుకిచ్చిన మార్కులు కవిత్వం కిందకే వస్తాయి.

మూడోది నీళ్లు. తెలుగు నేల మీద ఈ కేసు ప్రత్యేకంగా విచారించాలి. బోరు నీళ్లలో ఉండే కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి పాలు విరిగినట్టు తెట్టు కడుతుంది. నురుగు నిలవదు. నిలవని నురుగు కింద ఏ బ్లేడైనా గీరుతుంది, గీరిన ప్రతిసారీ శిక్ష బ్లేడుకే పడుతుంది. అనుమానముంటే ఒక సీసాలో సగం నీళ్లు పోసి, చిటికెడు స్నానపు సబ్బు తురుము వేసి గట్టిగా ఊపండి. నురుగు గుబురుగా నిలిస్తే మీ నీళ్లు నిర్దోషి. పైన పలచటి తెట్టు, కింద తెల్లటి నలకలు కనిపిస్తే అసలు దోషి దొరికినట్టే. షేవింగ్‌కు కావలసింది ఓ గ్లాసు ఆర్వో నీళ్లే. ఐదు రకాల విదేశీ బ్లేడ్లు తెప్పించుకునే ఇంట్లో ఆ గ్లాసుడు నీళ్లకు గతి లేకపోవడం మింగ మెతుకు లేనివాడు మీసాలకు సంపెంగ నూనె రాసుకోవడమే.

నాలుగోది చేయి. రేజర్ టోపీని చెంపకు బల్లపరుపుగా ఆనించి, పిడిని మెల్లగా కిందకు దించుతూ పోతే ఒకచోట వెంట్రుక తెగడం మొదలవుతుంది. అక్కడే ఆగాలి. చర్మానికీ బ్లేడుకూ మధ్య దాదాపు 30 డిగ్రీలు. బరువు రేజర్‌ది, దారి చూపడమే చేతి పని. నాలుగైదు బ్లేడ్ల కార్ట్‌రిడ్జి వాడినవాళ్లకు నొక్కడం అలవాటు, ఆ అలవాటే ఇక్కడ గాట్లు పెడుతుంది. మొదట వెంట్రుక పెరిగే దిక్కున వాలు గీత, మళ్లీ నురుగు పట్టించి అడ్డ గీత, చర్మం ఒప్పుకుంటేనే ఎదురు గీత. మెడ దగ్గర వెంట్రుక పక్కకో పైకో పెరుగుతుందన్నది చాలామంది ఇరవై ఏళ్లు గీసుకున్నా గమనించని విషయం. వేలితో నిమిరితే ఒక దిక్కున నునుపుగా, ఎదురు దిక్కున గరుకుగా తగులుతుంది. నునుపుగా తగిలిన దిక్కే వాలు.

ఈ కేసులో నమ్మదగిన సాక్షి పటిక. చల్లటి నీళ్లతో మొహం కడుక్కుని, తడి పటిక ముక్కను మెల్లగా రుద్ది ఓ అర నిమిషం ఆగండి. ఎక్కడా చుర్రుమనకపోతే ఆ రోజు షేవు బాగా కుదిరినట్టు. దవడ అంచున మండితే నొక్కారు. మెడ మీదే మండితే ఎదురు గీత తొందరపడి గీశారు. మొహమంతా సమానంగా మండితే అప్పుడు, అప్పుడు మాత్రమే, బ్లేడును బోనెక్కించండి.

అయితే బ్లేడ్ల మధ్య తేడాలే లేవా? ఉన్నాయి. అందుకే పరీక్ష సవ్యంగా చేయాలి. ఒకే రేజర్, ఒకే క్రీము, ఒకే నీళ్లు, సరిగ్గా ఒక రోజు పెరిగిన గడ్డం. ప్రతి బ్లేడుకూ మూడు షేవులు, ఎందుకంటే కొన్నింటి మొదటి షేవు కరకుగా ఉండి రెండోదానికి నెమ్మదిస్తుంది. ఐదు రకాలైతే 15 రోజులు, వరస మార్చి ఇంకోసారి చేస్తే నెల. వరస మార్చకపోతే ఫెదర్ తర్వాత వచ్చిన ప్రతి బ్లేడూ మొద్దుగానే తోస్తుంది. ఇంట్లో వేరొకరితో రేజర్‌లో బ్లేడు పెట్టించి, పేరు కాగితం మీద రాయించి దాచమనండి. టోపీ కింద అచ్చు చాలావరకు కనబడదు. నెల తిరిగాక కాగితం విప్పితే, 9.2కూ 8.7కూ మధ్య ఉన్న హిమాలయం ఎక్కడికి పోయిందో తెలుస్తుంది. ఈ పద్ధతిని మఠాధిపతులు ఇంతవరకు ఆమోదించలేదు.

మొద్దుబారడం గురించి ఒక మాట. ఉక్కు వెంట్రుక కన్నా దాదాపు 50 రెట్లు గట్టిది. అయినా గెలిచేది వెంట్రుకే. 2020లో అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు గీసుకున్న బ్లేడ్లను ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తే, అంచు సమంగా అరగడం కన్నా అక్కడక్కడ పెచ్చులూడడమే కనబడింది. ఉక్కు లోపలి నిర్మాణం సమంగా లేని చోట, వంగిన వెంట్రుక ఏటవాలుగా తగిలితే అక్కడ చిన్న పెచ్చు లేస్తుంది. రెండు మూడు నిమిషాలు వెచ్చటి నీళ్లతో నానిన వెంట్రుక తక్కువ బలానికే తెగుతుంది కాబట్టి బ్లేడుకూ అంత శ్రమ ఉండదు. మామూలు గడ్డానికి మూడు నుంచి ఏడు షేవుల మధ్య ఎక్కడో ఆయుష్షు తీరుతుంది. ముందుగా కబురు చెప్పేది పై పెదవి, గడ్డం మొన. అక్కడ లాగితే ఇక మార్చేయండి. కిరాణా బ్లేడు ధర టీ కప్పు ధర కన్నా తక్కువే. దాన్ని పదకొండో రోజు దాకా ఈడ్చి, ఆ తర్వాత ఖరీదైన ఆఫ్టర్‌షేవ్ పూసుకోవడం ఏ పొదుపు కిందకు వస్తుందో ఆర్థిక శాస్త్రవేత్తలే చెప్పాలి. వాడాక నీళ్ల కింద కడిగి, విదిలించి, ఆరబెట్టండి. తువ్వాలుతో తుడిస్తే అంచూ పోతుంది, తువ్వాలూ పోతుంది.

ఈ వివాదంలో ఎవరూ సాక్ష్యం అడగని నిపుణుడు ఒకాయన ఉన్నాడు. వీధి చివర సెలూన్లో బ్లేడును కాగితం విప్పకుండానే నిలువుగా వంచి టక్కున రెండు చేస్తాడు. గట్టి ఉక్కు పెళుసు కదా, నడిమి గాడి వెంట చక్కగా విరుగుతుంది. ఒక సగం కత్తిలో పెట్టి మీకు, రెండో సగం తర్వాత వచ్చినవాడికి. వ్యాధుల భయంతో మొదలైన ఈ ఏర్పాటు వల్ల ఆయనకు ఏ బ్లేడుతోనూ రెండో రోజు పరిచయం ఉండదు. హోల్‌సేల్ కొట్లో ఏ డబ్బా దొరికితే అదే. ఆయన చేతిలో అన్ని కంపెనీలూ నున్నగానే గీస్తాయి. ఆయన్ని పిలిచి పదునుకు మార్కులు వేయమంటే, తల కాస్త పక్కకు తిప్పమంటాడు.

ఇంతమంది పండితులు బ్లేడు జీవితం మీద ఇంత రాసి, దాని అంత్యక్రియల మీద ఒక్క పుట రాయలేదు. ఒకప్పుడు అమెరికా ఇళ్లలో బాత్‌రూమ్ అలమరా వెనక సన్నటి చీలిక ఉండేది. వాడిన బ్లేడు అందులో వేస్తే గోడ లోపల పడేది. తర్వాతి కథ గోడ పగలగొట్టినవాడికి తెలుసు. మనవాళ్లు కాగితంలో చుట్టి చెత్తబుట్టలో పారేస్తారు, తర్వాతి కథ చెత్త బండి దగ్గర వేళ్లతో ఏరే మనిషికి తెలుసు. ఖాళీ పౌడరు డబ్బాకో పాలపొడి డబ్బాకో మూత మీద రెండున్నర సెంటీమీటర్ల చీలిక పెడితే చాలు. వారానికొకటి చొప్పున పదేళ్లకు 520 బ్లేడ్లు, పేర్చితే ఐదు సెంటీమీటర్ల ఎత్తు. చిందరవందరగా పడినా డబ్బా ఏళ్ల తరబడి సరిపోతుంది. నిండాక మూత చుట్టూ టేపు వేసి, పైన పెద్ద అక్షరాలతో “బ్లేడ్లు” అని రాసి, చెత్త బండి మనిషి చేతికే ఇవ్వండి. ఏ కంపెనీవో రాయనక్కర్లేదు.