ఉప్పు కాపడం పెట్టమన్న మహానుభావుడికి

వారంలో ఆరుసార్లు వచ్చింది ఆ మెసేజ్. మొదట పిన్ని పంపింది. తర్వాత ఇంటర్ ఫ్రెండ్స్ గ్రూపులో, ఆఖరికి మా నర్సుల గ్రూపులోనూ ఒకమ్మాయి "యూజ్‌ఫుల్" అని పెట్టింది. అక్కడ నా ఓపిక అయిపోయింది. "రొమ్ము క్యాన్సర్ జయించిన తల్లులకు ఐదు రహస్యాలు" అట. చెప్పినాయన పేరు లేదు. ఫాలోఅప్ ఓపీలో రోజూ ఆ తల్లుల మధ్యే ఉంటాను కాబట్టి జవాబు నేనే రాస్తున్నాను.

ఒకటో రహస్యం: ఐదేళ్లు దాటితే జబ్బు వేళ్లతో సహా పోయినట్టే, ఇక మాత్రలూ చెకప్‌లూ దండగ. హార్మోన్ పాజిటివ్ రకానికి, అంటే ఒంట్లోని హార్మోన్ల ఆసరాతో పెరిగే క్యాన్సర్‌కి, ఈ లెక్క కుదరదు. ఐదేళ్లు ఆ హార్మోన్లను అడ్డుకునే మందు వాడి, అప్పటికి జబ్బు లేకుండా ఉన్న 62,923 మంది వివరాలతో 2017లో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. అక్కడి నుంచి ఇరవయ్యో ఏడు దాకా కొందరిలో జబ్బు తిరగబెడుతూనే ఉంది. గడ్డ చిన్నదై, చంక గ్రంథులకు పాకని వాళ్లలో కూడా ఆ పదిహేనేళ్లలో 13 శాతం మందికి వేరే అవయవాల్లో కనబడింది. వందలో మిగతా 87 మందికి రాలేదు కదా అంటారేమో, నిజమే, హడలిపోవాల్సిన పనిలేదు. కానీ టామోక్సిఫెన్ లాంటి ఆ మందు ఐదేళ్లా పదేళ్లా అన్నది ఫైలు చూసి డాక్టర్ తేల్చాల్సిన మాట, వాట్సాప్ కాదు. ఇక చెకప్‌ల సంగతి. కీమోలో ఎర్ర ఇంజక్షన్ (డాక్సోరూబిసిన్ లాంటి మందు) ఎక్కించుకున్న వాళ్లకు గుండె నీరసం ఏళ్ల తర్వాత కూడా బయటపడొచ్చు. మెట్లెక్కితే ఆయాసం వస్తోందంటే "వయసు" అని సరిపెట్టుకోకండి.

రెండోది లక్ష్మణఫలం. కీమో కంటే పదివేల రెట్లు పవరట. తొమ్మిదివేల తొమ్మిదివందలు ఎందుకు కాలేదో! పండు తినండి, బాగుంటుంది. మూడోది చక్కెర మానేస్తే క్యాన్సర్ మాడి చస్తుందని. షుగర్ ఉంటే మానండి, బరువు పెరుగుతుంటే తగ్గించండి. అంతే.

నాలుగోది చదివాకే నాకు కోపం నషాళానికి అంటింది. "ఆపరేషన్ వైపు చెయ్యి వాస్తే ఉప్పు మూట బాగా వేడిచేసి కాపడం పెట్టండి. ఆముదం రాసి గట్టిగా పిసకండి. మూడు రోజుల్లో దిగుతుంది." అయ్యా, ఆ వాపు బెణుకు వల్ల వచ్చింది కాదు. చంకలో గ్రంథులు తీసేశారు, పైన రేడియేషన్ కూడా పడింది, లింఫ్ నీరు, అంటే ఒంట్లో కణాల మధ్య ఊరే నీరు, పోయే దారి ఇరుకైపోయింది. వేడి పెడితే ఆ చేతికి రక్తం ఇంకా ఎక్కువ చేరి, నీరూ ఎక్కువే ఊరుతుంది. గట్టిగా పిసికితే చర్మం కిందున్న సన్నటి నాళాలు దెబ్బతింటాయి. మేము నేర్పే మర్దనకు నూనె అక్కర్లేదు, బలం అసలే అక్కర్లేదు. నిద్రపోతున్న పసిపాప బుగ్గ నిమిరినంత మెల్లగా, ముందు మెడ దగ్గరా ఛాతీ మీదా దారి చేసి, చేతికి ఆఖరున వస్తాం.

ఇంకొక సంగతి ఆ మహానుభావుడికి తెలియనే తెలియదు. ఈ ఆపరేషన్ అయిన చాలామందికి జబ్బ లోపలి వైపు స్పర్శ ఉండదు. మొన్న వేసవిలో ఒకావిడ వచ్చింది, ఆపరేషన్ అయి ఎనిమిదేళ్లు. చంక కింద అరచెయ్యంత బొబ్బ, చితికిపోయి జాకెట్టుకు అంటుకుంది. సెలైన్‌తో తడుపుతూ విడదీస్తుంటే, "కాలుతోందని తెలీలేదమ్మా, కోడలే వాసన పట్టింది" అంది. అప్పటికే మోచెయ్యి దాకా ఎరుపు, చలిజ్వరం. వారం రోజులు అడ్మిషన్. ఇలాంటి ఇన్ఫెక్షన్ వచ్చిన ప్రతిసారీ మిగిలిన నాళాలు కూడా కొన్ని పాడవుతాయి. ఆవిడ చెయ్యి మళ్లీ పాత కొలతకు రాలేదు. మూడు రోజుల్లో దిగుతుందన్నాయన వచ్చి టేపు పట్టుకుంటే బాగుండు.

గాజు ఎక్కకపోయినా, జాకెట్టు చెయ్యి పట్టేసినా, ఉంగరం తిరగకపోయినా అప్పుడే రండి. రెండు చేతులూ ఒకే చోట్ల కొలుస్తాం. ప్రెషర్ స్లీవ్ (వాపు పెరగకుండా చేతికి బిగుతుగా వేసే సాగే తొడుగు) కొలత ప్రకారమే తీసుకోవాలి. ఉక్కగా ఉందని పైఅంచు మడిచారంటే అది తాడు కట్టినట్టు బిగిసి, చెయ్యి ఇంకా ఉబ్బుతుంది. కత్తిపీట గాటుకు సబ్బుతో కడిగి మందు రాయండి. ఎరుపూ జ్వరమూ కలిసి వస్తే మర్నాటి దాకా ఆగొద్దు.

ఐదోది చూసి మాత్రం నోరు మూసుకున్నాను. "ఆ చేత్తో బరువు ఎత్తొద్దని భయపెడతారు, వినకండి" అని ఉంది. ఒప్పుకోవాల్సిందే. నీళ్ల బిందె ఎత్తొద్దు, మనవణ్ణి ఎత్తుకోవద్దు అని మేమే ఏళ్ల తరబడి చెప్పాం. 2009లో అమెరికాలో ఒక ట్రయల్ వచ్చింది. చెయ్యి వాచినవాళ్ల చేత స్లీవ్ వేయించి, దగ్గరుండి నేర్పి, కొద్దికొద్దిగా బరువులు పెంచుతూ ఎత్తించారు. వాపు పెరగలేదు సరికదా, అది మధ్యమధ్యలో ఉన్నట్టుండి ముదరడం కూడా తగ్గింది. మా మాట విని మనవణ్ణి ముట్టుకోని అమ్మమ్మలకు నేనేం చెప్పను?

మెసేజ్ చివర "ఆసుపత్రి వాళ్లు ఇవి మీకు చెప్పరు" అని ఉంది. కాలిన చేతితో వచ్చినావిడ ఫైలు తిరగేశాను. నూటముప్పై పేజీలు, స్కాన్లు, బిల్లులు. జబ్బలో స్పర్శ ఉండదని గానీ, వేడి తగలనీయొద్దని గానీ ఎక్కడా ఒక్క తెలుగు ముక్క లేదు.