మొదటి కథకు కావాల్సింది కొనేవాళ్లు కాదు

తొలి స్క్రిప్ట్ పూర్తవగానే కొత్త రచయితల్ని పట్టుకునే ప్రశ్నలు రెండు. దీనికి ఎంత వస్తుంది? ఎవరైనా కొట్టేస్తే ఎలా? రెండూ తొందరపాటు ప్రశ్నలే. తొలి రాత విలువ ఎంతో రాసినవాళ్లకే తెలియదు, కొనేవాళ్లకు అసలే తెలియదు.

అమెరికన్ నవలా రచయిత్రి హార్పర్ లీ సంగతే చూడండి. 1957లో ఆమె ప్రచురణ సంస్థకు ఇచ్చిన తొలి నవలలో కథానాయిక పెద్దయ్యాక సొంతూరికి తిరిగొస్తుంది. మధ్యమధ్యలో చిన్ననాటి జ్ఞాపకాలు వస్తుంటాయి. టే హోహాఫ్ అనే ఎడిటర్ ఆ జ్ఞాపకాల దగ్గరే ఆగిపోయారు. ఆ పిల్ల కళ్లతోనే కథ చెప్పమని లీని ఒప్పించారు. రెండేళ్లకు పైగా తిరగరాశాక 1960లో ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’ వచ్చింది, మరుసటి ఏడాది పులిట్జర్ బహుమతి అందుకుంది. అంటే తొలి ప్రతిలోని అసలు సరుకు ప్రధాన కథలో కాదు, ఫ్లాష్‌బ్యాక్‌లో ఉంది. పక్కనుంచి చదివిన మనిషి దాన్ని పట్టుకున్నారు. ఆ తొలి ప్రతే 2015లో ‘గో సెట్ ఎ వాచ్‌మన్’గా అచ్చయి లక్షల్లో అమ్ముడైంది. ఆ గిరాకీ దాని సొంతమా? కానే కాదు, తర్వాతి పుస్తకం తెచ్చిన పేరుది.

ఇంగ్లిష్ నవలా రచయిత్రి జేన్ ఆస్టిన్ తొలినాటి నవల ఒకదాన్ని 1797లో ప్రచురణకర్త చూడకుండానే వద్దన్నాడు. అదే కథ మారిన రూపంలో 1813లో ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ అయింది. అలా వద్దన్న రోజునే దాని రేటు తేలిపోయిందంటే ఎవరైనా ఒప్పుకుంటారా?

తొలి స్క్రిప్టే జాక్‌పాట్ కొట్టిన సందర్భాలు లేవా అంటే ఉన్నాయి. కాలీ ఖౌరీ మొదటి స్క్రీన్‌ప్లే ‘థెల్మా అండ్ లూయీస్’కు 1992లో ఆస్కార్ వచ్చింది. కాదనను. కానీ అప్పటికే ఆమె మ్యూజిక్ వీడియోల నిర్మాణంలో పనిచేస్తున్న మనిషి. ఆ ఒక్క ఉదాహరణ చూపించి అందరి తొలి ప్రయత్నాన్నీ లాటరీ టికెట్‌గా మార్చడం అన్యాయం.

ఇక దొంగతనం భయం. కాపీరైట్ చట్టాలు కాపాడేది రాసిన రూపాన్నే, ఐడియాను కాదు. కాపీరైట్ మీద దేశాలు చేసుకున్న బెర్న్ ఒప్పందంలో ఉన్నచోట్ల రాసిన క్షణం నుంచే ఆ హక్కు పుడుతుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. అయినా కొత్తవాళ్లు ‘పాయింట్’ బయటికి పొక్కుతుందన్న టెన్షన్‌తో స్క్రిప్ట్ ఎవరికీ చూపించరు. చట్టం కాపాడని పాయింట్‌ను దాచడం కోసం, చట్టం కాపాడే పేజీల్ని చదివించుకోకుండా పోగొట్టుకుంటున్నారు!

నిజానికి తప్పంతా వాళ్లది కాదు. చూపిద్దామన్నా చదివేదెవరు? సినిమాకైనా పుస్తకానికైనా రాయడం నేర్పే కోర్సులకు కొదవ లేదు, పోటీలకు అంతకన్నా లేదు. ఒక అనామకుడి నూట ఇరవై పేజీలు ఓపిగ్గా చదివి, ‘నలభయ్యో పేజీలో వచ్చే ఆ చెల్లెలిదే నీ కథ’ అని చెప్పేవాళ్లే కరువు. చదవడం కూడా పనేనని, దానికీ జీతం ఇవ్వాలని రచనా రంగం ఒప్పుకోవడం లేదు. పోటీలు పెట్టే సంస్థలు మొదటి బహుమతి మొత్తంలో సగం తగ్గించినా పర్వాలేదు. ఆ డబ్బుతో మంచి చదువరుల్ని పెట్టుకుని, ఓడిపోయిన ప్రతి స్క్రిప్ట్‌కూ ఒక పేజీ నోట్స్ రాయించి వెనక్కి పంపాలి.