పారబోసే ప్లాస్మాలో బిడ్డ జాడ

తల్లి రక్తంతోనే కడుపులోని బిడ్డకు డౌన్ సిండ్రోమ్ అనే జన్యులోపం ఉందేమో పసిగట్టే దారి చూపిన హాంకాంగ్ శాస్త్రవేత్త డెన్నిస్ లో (Lo) మీద రాసిన ఈ వ్యాసం చదువుతుంటే కళ్లు చెమర్చాయి. నా రెండో కాన్పులో ఉమ్మనీరు తీసి చూడాలన్నారు. సూది వల్ల గర్భం పోతుందేమోనన్న టెన్షన్‌తో నాలుగు రాత్రులు కంటి మీద కునుకు లేదు.

ఆయన ఏళ్ల తరబడి తల్లి రక్తంలో బిడ్డ కణాల కోసమే వెతికారు. చివరికి మామూలుగా పారబోసే ప్లాస్మాను, అంటే కణాలు తీసేశాక రక్తంలో మిగిలే ద్రవాన్ని, నూడుల్స్ ఉడికించినట్టు, కొన్ని నిమిషాలు మరిగించి చూస్తే అందులో మగబిడ్డల వై క్రోమోజోమ్ డీఎన్‌ఏ దొరికింది! 1997లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిందది. డౌన్ సిండ్రోమ్‌కు ఇప్పుడు చేస్తున్న రక్తపరీక్షకు మూలం అదే.

ఒక్క సంగతి మాత్రం వ్యాసంలో ఇంకా గట్టిగా చెప్పాల్సింది. ఆ పరీక్షలో తేడా వస్తే అది అనుమానమే, నిర్ధారణ కాదు. ఖాయం చేసుకోవడానికి ఇప్పటికీ ఉమ్మనీటి పరీక్షలాంటిది చేయించుకోవాలి.