అనాథలు కావలెను

ప్రాణుల మీద కరుణ దూరాన్ని బట్టి పెరుగుతుంది. ఏ ఎంసెట్ గైడులోనూ ఇంకా అచ్చుకాలేదు గానీ, విశాఖపట్నంలో రోజూ రుజువవుతున్న సూత్రమిది. జోడుగుళ్ళపాలెం ఇసకలో గుడ్లు పెట్టిపోయిన తాబేలు మీద మనకి కలిగే కరుణ సున్నా అనుకుందాం. అండమాన్ తాబేలంటే కాస్త జాలి వేస్తుంది. కోస్టారికా తాబేలంటే గుండె కరిగి నీరైపోతుంది. మధ్యలో ఒక ఇమ్మిగ్రేషన్ కౌంటరు పడిందంటే ఇక చెప్పక్కర్లేదు. పాస్‌పోర్టులో ముద్ర పడని సేవని సేవగా లెక్కగట్టే రోజులు పోయాయి.

సూత్రం శాస్త్రవేత్తలది కాదు, పిల్లల్ని విదేశీ చదువులకి పంపే ద్వారకానగర్ కన్సల్టెన్సీలది. ఒకప్పుడు ఎమ్మెస్‌కి వెళ్ళే కుర్రాడికి జీఆర్‌ఈ స్కోరూ, ప్రొఫెసర్ల సిఫార్సు ఉత్తరాలూ, నాన్నగారి బ్యాంకు బ్యాలెన్సూ ఉంటే సరిపోయేది. ఇప్పుడు వాటికి హృదయం కూడా జతపరచాలట. ప్రొఫైలు బిల్డింగంటారు. ఎస్‌ఓపీ, అంటే ఎందుకు చదవాలనుకుంటున్నామో రాసే వ్యాసం, మూడో పేరాలో ఒక సింహం కూనో, ఒక నల్లపిల్లాడో కనిపించకపోతే అడ్మిషన్ కమిటీ వాళ్ళకి కళ్ళు చెమర్చవని కన్సల్టెన్సీల పరిశోధన.

ఆ పరిశోధనా ఫలితమే మా కూర్మన్నపాలెంలో ఎదురింటాయన చేతికొచ్చిన బ్రోచరు. ఆయన స్టీలుప్లాంటులో నాణ్యత చూసే విభాగం మనిషి. వంకాయ కొన్నా కాడ దగ్గర పుచ్చుందేమో తిప్పి చూస్తారు. కొడుకు కోసం తెచ్చిన ఈ బ్రోచరుని మాత్రం తిప్పి చూడలేదు. దక్షిణాఫ్రికాలో రెండు వారాలు, విమానం టిక్కెట్టు కాక లక్షన్నర. "తల్లిని కోల్పోయిన కూనకు తల్లి కండి" అని అట్ట మీద పెద్దక్షరాలు. దాని కింద ఫొటో: కళ్ళు సరిగ్గా విచ్చుకోని సింహం కూన, నోట్లో రబ్బరు పీక, సీసా పట్టుకున్న చేతికి పగడపు రంగు గోళ్ళు. టీషర్టు ఉచితం. సర్టిఫికెట్ ల్యామినేషన్ చేసి ఇస్తారు. వీసా గురించి అడిగితే, "టూరిస్టు వీసా చాలండి, అక్కడ అడిగితే సెలవులకొచ్చామనండి" అన్నారట. జీతం లేని పని కూడా పనేననీ, టూరిస్టు వీసా మీద అది చెల్లదనీ చాలా దేశాల చట్టాలు చెబుతున్నాయి. లోకసేవకి బయల్దేరేవాడు మొదటి అబద్ధం కౌంటరు దగ్గరే ఆడెయ్యాలన్న మాట. మంచిదే, భారం దిగిపోతుంది.

ఆ పూట పాలు పొయ్యడానికొచ్చిన పాలాయన గేటు దగ్గర నిలబడి బ్రోచరు తిరగేశాడు. లంకెలపాలెం అవతల ఎక్కణ్ణుంచో వస్తాడు, ఇంటి దగ్గర గేదెలున్నాయి.

"ఇన్ని కూనలకీ తల్లులు ఒక్కపాలే సచ్చిపోనాయేటి బాబూ?" అన్నాడు.

ఎదురింటాయన జవాబు వెతుక్కుంటుంటే, క్యాను మూత బిగిస్తూ తనే చెప్పేశాడు: "పిల్లని తీసెత్తే తల్లి బేగి ఎదకొత్తాది. మేం సేసీదీ అదే కదేటి."

అంతే సంగతి. అక్కడ కంచెల వెనక సింహాలని పెంచడం ఒక వ్యాపారం. ఆ దేశపు అడవుల్లో తిరిగే సింహాలకంటే ఈ దొడ్లలో ఉన్నవే ఎక్కువ. పుట్టిన కొద్దిరోజులకే కూనని లాగేస్తారు. తల్లి మళ్ళీ చూలుకి సిద్ధమవుతుంది, కూన సీసాకి అలవాటుపడుతుంది. అక్కణ్ణుంచి ఆ జీవి సర్వీసు రిజిస్టరు చూడండి, ఏ ప్రభుత్వ శాఖలోనూ ఇంత సకాలంలో ప్రమోషన్లు రావు. మొదటి ఉద్యోగం పసిపాపగా: వలంటీర్ల ఒళ్ళో పడుకోవడం, ఫొటోకి ఆవలించడం. కొన్ని నెలలకి పంజా బలిసి ఒళ్ళో పట్టదు. అప్పుడు టూరిస్టుల పక్కన మార్నింగ్ వాక్ డ్యూటీ. జూలు దట్టంగా పెరిగాక, అన్నిటికంటే గౌరవప్రదమైన పోస్టింగు: పారిపోవడానికి వీల్లేని కంచె లోపల, డబ్బు కట్టిన వేటగాడి తుపాకి ఎదురుగా నిలబడటం. రిటైర్మెంటు తర్వాత కూడా సంస్థకి ఉపయోగపడే అవకాశం ఉంది, ఎముకలు ఆసియాకి ఎగుమతవుతాయి. 2017లో అక్కడి ప్రభుత్వం ఏడాదికి 800 అస్థిపంజరాలు పంపుకోవచ్చని కోటా ఇచ్చింది. 2019లో కోర్టు ఆ పద్ధతి చట్టవిరుద్ధమంది. 2021లో ఈ పెంపకాన్నే ఆపించే దారిలో నడుస్తామని ప్రభుత్వం ప్రకటించింది. ప్రభుత్వ ప్రకటనకీ పనికీ మధ్య ఎంత దూరం ఉంటుందో, రైల్వే జోను కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూసిన ఊరికి నేను చెప్పాలా?

సీసా పట్టుకున్న కుర్రాడు తుపాకి పట్టుకున్న పెద్దమనిషిని ఎన్నడూ కలవడు. కలిస్తే చెయ్యి కలపొచ్చు, ఇద్దరూ ఒకే దొడ్డికి చందాదారులు. ఇక "పెద్దయ్యాక అడవిలో వదులుతాం" అన్న మాటకొస్తే, మనిషిని చూస్తే పాలసీసా గుర్తొచ్చే సింహాన్ని ఏ ఊరి పక్క అడవిలో వదులుతారో వాళ్ళే చెప్పాలి.

సింహాలవాళ్ళనే అని లాభం లేదు. తొట్లకొండ మీద మన పాతకాలపు భిక్షువులు రాతిలో తొట్లు తొలిచి వాననీళ్ళు దాచుకున్నారు. థాయ్‌లాండ్ కాంచనబురిలో పులుల ఆరామం నడిపిన ఆధునిక భిక్షువులు ఏం దాచుకున్నారో 2016లో అధికారులు వెళ్ళి ఫ్రీజరు తెరిస్తే తెలిసింది: 40 చచ్చిన పులికూనలు. అంతకుముందు దాకా ఆ చోటుకి విదేశీ వలంటీర్లు ఎగబడి వెళ్ళేవారు, పులికి స్నానాలు చేయించేవారు.

జంతువులతో ఆగి ఉంటే బాగుండేది. కంబోడియాలో అనాథాశ్రమాలు టూరిస్టులతోపాటే పెరిగాయి. 2005 నుంచి 2010 దాకా ఆ అయిదేళ్ళలో వాటి సంఖ్య 75 శాతం పెరిగిందని యునిసెఫ్ లెక్క. ఆ ఏళ్ళలో అక్కడ యుద్ధం లేదు, కరువు లేదు. ఆశ్రమాల్లో ఉన్న పిల్లల్లో ఎక్కువమందికి తల్లో తండ్రో బతికే ఉన్నారు. మరి అనాథలు ఎక్కణ్ణుంచి వచ్చారంటే, కూనలు ఎక్కణ్ణుంచి వచ్చాయో అక్కణ్ణుంచే. నేపాల్‌లో హుమ్లా కొండల నుంచి పిల్లల్ని చదువు చెప్పిస్తామని తీసుకొచ్చి ఖాట్మండూ ఆశ్రమాల్లో అనాథలుగా నిలబెట్టారు. బేరం కుదిరిన చోట సరుకు తయారవుతుంది. ఇక్కడ బేరం ఆడేది మన కరుణ. 2018లో ఆస్ట్రేలియా ఆధునిక బానిసత్వ చట్టం తెచ్చినప్పుడు ఈ తంతుని కూడా ఆ పద్దులో రాసింది. అంత మాట వాళ్ళు అన్నాక మనం కౌగిలింతల ప్యాకేజీ అనడం బాగుండదు.

సేవంటే ఇదే అయితే, మన ఊరు మాత్రం ఎందుకు వెనకబడాలి? నగరాభివృద్ధి కోసం నా వంతుగా ఒక ప్రతిపాదన. గాజువాకలో ఒక మున్సిపల్ స్కూలుని చూసి అంతర్జాతీయ సేవాకేంద్రంగా ప్రకటిద్దాం. ఐరోపా నుంచి పందొమ్మిదేళ్ళ పిల్లలు పదిహేను రోజులకొక బ్యాచి చొప్పున వస్తారు. వాళ్ళకి తెలుగు రాదు, పాఠం చెప్పడం రాదు, పోలీసు వెరిఫికేషన్ అడిగితే నొచ్చుకుంటారు. ప్రతి బ్యాచీ మొదటిరోజు "ఏ ఫర్ ఆపిల్"తో మొదలుపెట్టి, "సి ఫర్ క్యాట్" దగ్గర ఏడ్చి, పిల్లల్ని హత్తుకుని విమానం ఎక్కుతుంది. ఏడాది తిరిగేసరికి మన పిల్లలు ఆపిల్ విషయంలో ప్రపంచంలో ఎవరికీ తీసిపోరు. సాయంత్రాలు ప్రహరీ గోడ కడతారు. రాత్రి మన మేస్త్రీ వచ్చి, తూకం గుండు వేలాడదీసి చూసి, ఒక బూతు మాట అని, మొత్తం పడగొట్టి మళ్ళీ కడతాడు. అడ్డా మీద నిలబడ్డ కూలీలకి ఆ వారం పని దొరకదు, ఎందుకంటే వాళ్ళ పని చెయ్యడానికి ఒకాయన బెల్జియం నుంచి డబ్బిచ్చి మరీ వచ్చాడు. ఈ ప్రతిపాదన విని ఎదురింటాయన కోపంతో ఊగిపోయారు. "మన పిల్లలేమన్నా ఎగ్జిబిషనా?" అన్నారు. నిజమే. ఎగ్జిబిషన్ పెట్టుకోవలసింది ఆఫ్రికా వాళ్ళూ, కంబోడియా వాళ్ళూను.

లోకం గొడ్డుపోలేదు కాబట్టి, కొన్ని ప్రమాదకరమైన చోట్ల గురించి కూడా హెచ్చరించడం నా ధర్మం. విదేశాల్లో కొన్ని సంస్థలున్నాయి, వాటి జోలికి పొరపాటున కూడా పోకూడదు. జంతువుని ముట్టుకోనివ్వవు. మనతో ఫొటో తీయించవు. కూనల్ని పుట్టించవు, పుడతాయేమోనని మగవాటిని వేరుగా ఉంచుతాయి. చింపాంజీల దగ్గరికైతే మన జలుబు కూడా వాటి ప్రాణం మీదకొస్తుందని, క్షయ పరీక్ష రిపోర్టూ టీకాల చిట్టా తెమ్మంటాయి. పోలీసు సర్టిఫికెట్ అడుగుతాయి. పదిహేను రోజులంటే వద్దని, నెలలు ఉండమంటాయి. తీరా వెళితే పళ్ళు కోయిస్తాయి, బోనులు కడిగిస్తాయి, పేడ ఎత్తిస్తాయి, వానలో కంచె చుట్టూ తిప్పి చిల్లు ఎక్కడుందో రాయిస్తాయి. పైగా మీరు కట్టిన డబ్బు ఎందులో ఎంత పోయిందో కాగితం ఇస్తాయి. అక్కడి డాక్టరు ఆ ఊరి మనిషి, మేనేజరు ఆ ఊరి మనిషి. మనం వాళ్ళకింద పనిచెయ్యాలి. చదువుకున్నవాళ్ళకి ఎంత నామోషీ!

అన్నిటికంటే ఘోరం తాబేళ్ళ దగ్గర. కోస్టారికాలో టోర్టుగెరో అనే తీరముంది. ఆర్చీ కార్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1950లలో అక్కడ పచ్చతాబేళ్ళని లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. 1959లో అందుకోసం పుట్టిన సంస్థ ఇప్పటికీ ఆ పని చేస్తూనే ఉంది. అరవై ఏళ్ళు దాటినా ఇంకా లెక్కపెడుతున్నారంటే వాళ్ళకి టార్గెట్లు లేవని తెలుస్తూనే ఉంది. అక్కడ వలంటీరు నల్లబట్టలు వేసుకుని చీకట్లో మైళ్ళకొద్దీ ఇసకలో నడవాలి. టార్చి ఎర్రగా వెలగాలి, తెల్లటి వెలుగు పడితే తాబేలు గుడ్లు పెట్టకుండానే తిరిగిపోతుంది. గుడ్లు లెక్కపెట్టాలి, డొప్ప కొలవాలి, తోక దగ్గర కూర్చుని నోరుమూసుకోవాలి. కెమెరా తేకూడదు. ఫొటో లేకపోతే సేవ చేశామని అడ్మిషన్ కమిటీకి ఎలా తెలుస్తుంది? తాబేలు వచ్చి సాక్ష్యం చెబుతుందా?

ఈ కష్టమంతా ఇక్కడే పడొచ్చు కదా అని ఎవరైనా అంటే వినకండి. మన ఆర్కే బీచి నుంచి భీమిలి వైపు తీరమంతా ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు చలికాలం చివర్లో రాత్రిపూట వచ్చి గుడ్లు పెడతాయి, ఒక్కో గూటికి వంద అటూఇటూ. కుక్కలు తవ్వెయ్యకముందే ఆ గుడ్లు తీసుకెళ్ళి అటవీశాఖ వాళ్ళు కంచె కట్టిన హేచరీల్లో పాతిపెడతారు. నెలన్నర నుంచి రెండు నెలలకి పిల్లలు బయటికొస్తాయి. అవి వెలుతురున్న దిక్కే సముద్రమనుకుని పరిగెడతాయి. మన బీచ్ రోడ్డు దీపాలు చూస్తే సముద్రం ఐస్‌క్రీము బండ్ల వైపుందని అనుకోవడంలో వాటి తప్పు లేదు. ట్రాలర్ వలల్లో ఊపిరాడక చచ్చిన పెద్దవి ఒడ్డుకి కొట్టుకొచ్చినప్పుడు ముక్కుకి కర్చీఫు అడ్డం పెట్టుకుని వాకింగు కొనసాగిస్తాం. సాక్షాత్తూ విష్ణుమూర్తి తాబేలుగా వెలసిన శ్రీకూర్మం మనకి రెండుమూడు గంటల దారి. ఆయనకీ మనం మొక్కుతాం, దిగివచ్చి మళ్ళీ వాకింగు చేస్తాం.

2021 డిసెంబరులో మన దక్షిణాన తంతడి ఒడ్డున ఒక తిమింగల సొరచేప ఇసకలో చిక్కుకుంది. పెద్దది, బస్సుని ఇసకలోంచి లాగినంత పని. బెస్తవాళ్ళూ, అటవీశాఖ వాళ్ళూ కలిసి దాన్ని నీళ్ళలోకి మళ్ళించారు. దిగినవాళ్ళలో ఎవరూ రిజిస్ట్రేషన్ ఫీజు కట్టలేదు, ల్యామినేషన్ అడగలేదు. అందుకే ద్వారకానగర్‌లో వాళ్ళ పేరు ఎవరికీ తెలియదు.

ఇక మా ఎదురింటి కుర్రాడు. పాలాయన మాట ఎక్కడో గుచ్చుకున్నట్టుంది, సింహాల ప్యాకేజీ మానేశాడు. తనే వెతుక్కుని, ముట్టుకోనివ్వని సంస్థ ఒకదానికి ఆఫ్రికాకి ఉత్తరం రాశాడు. జవాబుగా వచ్చిన దరఖాస్తు ఫారాన్ని ఎదురింటాయన ఈసారి వంకాయలా తిప్పి తిప్పి చూశారు. మూడు నెలలకి తక్కువైతే వద్దట. క్షయ పరీక్షట. మొదటి నెలంతా బోనుల శుభ్రతట.

"డబ్బు మనం కట్టి, పేడ మనమే ఎత్తాలా?" అని ఆయన వీధంతా వినపడేలా అరిచారు.

పాలాయన అప్పుడే సైకిలు దిగుతున్నాడు. "పేడెత్తడానికి అంత దూరమేటి బాబూ," అన్నాడు, "మా సాలకి పంపండి. డబ్బులేం తీసుకోను. మూడు నెలలూ ఉండమనండి, గేదిని ముట్టుకోనిత్తాను కూడాను."