పిల్లాణ్ని ముందు బస్సెక్కించినవాళ్లదే కేసు

శుక్రవారం రాత్రి మారతహళ్లిలో ఆంధ్రా బస్సులు ఆగే చోట నిలబడితే బెంగళూరు తెలుగువాళ్లలో సగంమంది అక్కడే ఉన్నారా అనిపిస్తుంది. ఒక్కో వారం ఆ గుంపులో ఓ తల్లి, నిద్ర కళ్లతో ఓ పిల్లాడు, రెండు పెద్ద సూట్‌కేసులు, ఓ స్కూలు బ్యాగు కనిపిస్తాయి. రెండ్రోజులకు ఊరెళ్లేవాళ్లు స్కూలు బ్యాగు మోసుకెళ్లరు. తల్లి బదులు కొన్నిసార్లు నాయనమ్మ ఉంటుంది. నన్నడిగితే, విడిపోయే మొగుడూ పెళ్లాల్లో బిడ్డ ఎవరి దగ్గరుండాలన్న కస్టడీ కేసు ఆ రాత్రే తేలిపోతుంది. తర్వాత నడిచే వాయిదాలు, కౌన్సెలింగులు, అఫిడవిట్లు అన్నీ ఆ ప్రయాణానికి ఆలస్యంగా పడే రాజముద్ర.

2024 డిసెంబరులో బెంగళూరులో ఒక టెకీ ఆత్మహత్య చేసుకున్నప్పటి నుంచి టీవీల్లో, వాట్సాప్ గ్రూపుల్లో నడుస్తున్న వాదన మీకు తెలిసిందే. చట్టాలన్నీ ఆడవాళ్ల పక్షమని ఒకరు, కోర్టులకు ఇంకా మగబుద్ధి పోలేదని ఇంకొకరు. భార్యను హింసించేవాళ్ల మీద కేసు పెట్టే 498ఎ పోయి భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షన్ వచ్చినా అరుపులు మాత్రం పాతవే. ఆ రెండు శిబిరాలతోనూ నాకు పని లేదు. బిడ్డ ఎవరి చేతిలో ఉంటే వాళ్లే గెలిచే పద్ధతి ఒకటి మన కోర్టుల్లో పాతుకుపోయింది. తల్లి ముందు కదిలితే తల్లి, తండ్రి తరఫువాళ్లు ముందు కదిలితే తండ్రి. ఆ సంగతి ఎవరూ ఎత్తరు.

చట్టం పుస్తకంలో ఇలా రాసి ఉండదు. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం సహజ సంరక్షకుల్లో తండ్రిని ముందు పెట్టింది, అయిదేళ్లలోపు బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలంది. తండ్రి బతికుండగానే తల్లి కూడా సంరక్షకురాలు కావచ్చని 1999లో గీతా హరిహరన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. వీటన్నిటి మీదా ఆ 1956 చట్టంలోని 13వ సెక్షన్ ఉంది: బిడ్డ శ్రేయస్సే అన్నిటికన్నా ముఖ్యం. బాగానే ఉంది. కానీ ఆ శ్రేయస్సును జడ్జి ఏ రోజున కొలుస్తున్నారు? పిల్లాడు గుంటూరు చేరిన ఏడాదిన్నరకో రెండేళ్లకో. అప్పటికి వాడు అక్కడి స్కూల్లో కుదురుకున్నాడు, పక్కింటి పిల్లలతో క్రికెట్ ఆడుతున్నాడు, నాన్నను ఫోన్లో తప్ప చూసి ఎన్నాళ్లయిందో. జడ్జిగారు ఛాంబర్లోకి పిలిచి ఎవరి దగ్గరుంటావని అడిగితే తనకు అలవాటైన ఇంటి పేరే చెబుతాడు. కుదురుకున్న బిడ్డను కదిలించడం తగదని ఉత్తర్వు వస్తుంది. ఆ రోజుకు ఆ ఉత్తర్వు సరైనదే కావచ్చు. ఆ పరిస్థితిని తెచ్చిపెట్టింది మాత్రం కోర్టు చేసిన ఆలస్యమే.

ఆ ఏడాదిన్నర ఎక్కడ పోతుందో చూడండి. గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం 1890 నాటిది. దాని 9వ సెక్షన్ ప్రకారం బిడ్డ మామూలుగా ఎక్కడ నివసిస్తుంటే అక్కడి కోర్టుకే అధికారం. బెంగళూరు తండ్రి సిద్ధయ్య రోడ్డులోని న్యాయ దేగులలో, ఫ్యామిలీ కోర్టులో, పిటిషన్ వేస్తాడు. బిడ్డ ఇప్పుడు ఇక్కడ లేడు కదా అని అవతలి లాయరు అభ్యంతరం పెడతాడు. ఈలోగా భార్య పుట్టింటి ఊళ్లో విడాకులకు వేస్తుంది. 2003 సవరణ తర్వాత తనున్న చోటే వేసుకునే హక్కు ఆమెకుంది. న్యాయమైన సవరణే, దాన్ని తప్పుపట్టను. అయితే ఒక రాష్ట్రం కోర్టు నుంచి ఇంకో రాష్ట్రం కోర్టుకు కేసు మార్చాలంటే సివిల్ ప్రొసీజర్ కోడ్ 25వ సెక్షన్ కింద సుప్రీంకోర్టుకే వెళ్లాలి. బెంగళూరుకు హిందూపురం నూరు కిలోమీటర్ల దూరం. ఆ నూరు కిలోమీటర్లు దాటించడానికి ఢిల్లీలో ట్రాన్స్‌ఫర్ పిటిషన్! ఓపిక నశించిన తండ్రులు కొందరు అమరావతి హైకోర్టులో హెబియస్ కార్పస్, అంటే అక్రమంగా నిర్బంధించిన మనిషిని కోర్టు ముందు పెట్టించమనే పిటిషన్, వేస్తారు. కన్నతల్లి దగ్గరున్న బిడ్డ అక్రమ నిర్బంధంలో ఉన్నట్టు ఎలా అవుతుందని అక్కడ అడిగితే చాలామంది దగ్గర జవాబు ఉండదు.

హిందూ వివాహ చట్టం 26వ సెక్షన్ పిల్లల గురించే. కస్టడీ, పోషణ, చదువు, మూడింటి మీదా కేసు నడుస్తుండగానే మధ్యంతర ఉత్తర్వులు ఇవ్వొచ్చు. 2001లో పార్లమెంటు దానికి ఒక గడువు చేర్చింది: నోటీసు అందిన 60 రోజుల్లో, వీలైనంత వరకు, తేల్చాలని. దేన్ని? పోషణ, చదువు దరఖాస్తుల్ని. కస్టడీ అన్న మాట ఆ గడువులో లేదు. పిల్లాడి ఫీజు రెండు నెలల్లో తేలాలి, పిల్లాణ్ని చూడ్డం మాత్రం ఎప్పుడు తేలినా ఫర్వాలేదన్నమాట. ఇదే చట్టంలోని 21బి సెక్షన్ విచారణంతా ఆర్నెల్లలో ముగించే ప్రయత్నం చేయాలంటోంది. ఆ సెక్షన్ను ఏ లాయరు ముందైనా చదివి వినిపించండి, నవ్వుతాడు. బిడ్డ దగ్గర లేని తల్లి గానీ తండ్రి గానీ రోజూ అయిదు పది నిమిషాలు మాట్లాడగలగాలని, వీడియో కాల్ అయితే మరీ మంచిదని సుప్రీంకోర్టు 2020 జనవరిలో చెప్పింది. దానికీ దరఖాస్తు వేయాలి, దానికీ కౌంటరు వేయడానికి అవతలివాళ్లు టైము అడుగుతారు. నాలుగేళ్ల బిడ్డకు ఒక వాయిదా అంటే ఎంత కాలమో బెంచి మీద కూర్చున్నవాళ్లకు వేరే చెప్పాలా?

కొట్టే మొగుడి నుంచి పారిపోయే ఆడమనిషి బిడ్డను వదిలేసి బస్సెక్కాలా అని అడుగుతారు. అక్కర్లేదు. ఎక్కాలి, బిడ్డతోనే ఎక్కాలి. ఆమె కోసం 2005 గృహహింస చట్టం ఉంది. దరఖాస్తు అందిన మూడు రోజుల్లో మొదటి విచారణ పెట్టాలని అందులో ఉంది, బిడ్డ తాత్కాలిక కస్టడీ ఆమెకివ్వడానికి, ప్రమాదముంటే తండ్రిని అసలు చూడనివ్వకపోవడానికి 21వ సెక్షన్ ఉంది. నేననేదల్లా మొదటి వారంలోనే కోర్టుకు చెప్పమని. నిజంగా భయపడి వెళ్లినవాళ్లకు దానివల్ల మేలే జరుగుతుంది. భయం పేరు చెప్పి బేరానికి వెళ్లినవాళ్లకే ఇబ్బంది.

బేరమని ఊరికే అనలేదు. పరస్పర అంగీకారంతో విడిపోయేవాళ్ల ఒప్పంద పత్రాలు చదివితే తెలుస్తుంది. వడ్డాణం ఎన్ని గ్రాములు, కాసులపేరు ఎవరు పెట్టారు, వెండి పూజ సామాను ఏ లాకర్లో ఉంది, వైట్‌ఫీల్డ్ ఫ్లాట్ ఈఎంఐ ఇకమీద ఎవరు కట్టాలి, పేజీలకు పేజీలు. బిడ్డకు ఒక్క వాక్యం: "ఉభయుల సౌకర్యాన్ని బట్టి తండ్రి చూడవచ్చును." ఇలాంటి విడాకులకు చట్టం పెట్టిన ఆర్నెల్ల నిరీక్షణను తగిన కేసుల్లో మాఫీ చేయొచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది, కాకపోతే భరణంతో పాటు కస్టడీ కూడా నిజంగా పరిష్కారమై ఉండాలని షరతు పెట్టింది. ఆ షరతు తీరిందనిపించడానికే ఈ వాక్యం. మొదటి సంక్రాంతికే దాని పస తేలిపోతుంది. "పండగ సెలవుల్లో సగం" అని కాస్త వివరంగా రాసుకున్నవాళ్లదీ అదే గతి. ఆంధ్రాలో సంక్రాంతికి వారం పైన సెలవులు, బెంగళూరు స్కూల్లో పండగ రోజొక్కటే సెలవు. ఒక్కరోజులో సగం ఏమిటి, మధ్యాహ్నం భోజనం దాకానా? ఏ తేదీ, ఏ బస్సు, ఎవరు దింపాలి, పేరెంట్-టీచర్ మీటింగుకు ఎవరు వెళ్లాలి, పాస్‌పోర్టు ఎవరి బీరువాలో ఉండాలి, జ్వరమొస్తే ఎన్ని గంటల్లోగా చెప్పాలి, ఇవి రాసుకోవాలి. న్యాయ దేగులలోనే మీడియేషన్ సెంటర్ 2007 నుంచి నడుస్తోంది. అక్కడ కూర్చునేవాళ్లు బంగారం కాగితం పక్కనపెట్టి ముందు ఈ కాగితం అడిగితే సగం కేసుల రంగు మారుతుంది. ఉమ్మడి కస్టడీని చట్టంలో పెట్టమని లా కమిషన్ 257వ నివేదికలో, 2015లోనే, సిఫారసు చేసింది. పార్లమెంటుకు ఇంకా తీరిక చిక్కలేదు.

మీడియేషన్ గదిలో ఎవరుంటారో చెబితే అసలు జబ్బు అర్థమవుతుంది. మొగుడూ పెళ్లాం తక్కువ మాట్లాడతారు. బయట వరండాలో అటు అమ్మమ్మ తాతయ్యలు, ఇటు నాయనమ్మ తాతయ్యలు, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా ఎదురెదురు బెంచీల మీద. లోపల మాటకు ముందు బయటకొచ్చి అడిగి వెళ్తారు. ఈ పద్ధతి విడాకులతో మొదలైంది కాదు. బిడ్డ పుట్టిన రోజు నుంచీ మన సాఫ్ట్‌వేర్ ఇళ్లలో పెంపకం షిఫ్టుల మీద నడుస్తోంది: ఆర్నెల్లు వీళ్లమ్మ, ఆర్నెల్లు వాళ్లమ్మ. "బాబూ, మీరు ఆఫీసు చూసుకోండి, వాణ్ని మేం చూసుకుంటాం" అన్న మామగారి మాట ఆ రోజు వరంలా అనిపిస్తుంది. మూడేళ్ల తర్వాత, "వాడు కొన్నాళ్లు మా దగ్గరుంటాడు, మీరిద్దరూ ముందు తేల్చుకోండి" అని ఆయనే ఫోన్ చేసినప్పుడు, బిడ్డ ఎప్పుడో చెయ్యి దాటిపోయాడని అల్లుడికి తెలిసొస్తుంది. కన్నవాళ్ల చేతిలో పెరగని బిడ్డ గురించి కన్నవాళ్లు కోర్టులో ఏం వాదించుకుంటారు?

తండ్రుల హక్కుల సంఘాలవాళ్లకు నా మాట రుచించకపోవచ్చు. కోర్టులు తల్లివైపు మొగ్గుతున్నాయని వాళ్ల ఫిర్యాదు. ఆ మొగ్గు పుట్టింది కోర్టులో కాదు, కంపెనీ హెచ్‌ఆర్ విభాగంలో. 2017 నుంచి తల్లికి చట్టప్రకారం 26 వారాల సెలవు. తండ్రికి? కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి అయితే 15 రోజులు, ప్రైవేటు ఉద్యోగి అయితే చట్టం ఇచ్చేది సున్నా. ఔటర్ రింగ్ రోడ్డు మీది కంపెనీలు కొన్ని వారాలు దయతలిచి ఇస్తే ఇచ్చినట్టు. ఆ ఇచ్చిన సెలవు కూడా ప్రమోషన్ పోతుందని వాడుకోని మహానుభావులు నాకు తెలుసు. అలాంటాయన బోనెక్కితే అవతలి లాయరు వేసే మొదటి ప్రశ్నలు ఎప్పుడూ ఇవే: పిల్లాడి చెప్పుల సైజెంత, టీకాలు ఏ డాక్టరు దగ్గర వేయించారు, క్లాస్ టీచర్ పేరేమిటి. ఆయన తడబడతాడు, కేసు తేలికవుతుంది. తల్లికీ ఇవే ప్రశ్నలు వేయాలంటాను. జవాబు అమ్మమ్మకే తెలుసనిపిస్తే అది కూడా రికార్డులో ఎక్కాలి. పితృత్వ సెలవు కోసం రోడ్డెక్కిన తండ్రుల సంఘం ఒక్కటి చూపించండి, ఉమ్మడి కస్టడీ కోసం వాళ్ల పక్కనే నేనూ నిలబడతాను.

అప్పటిదాకా పార్లమెంటు కోసం ఎదురుచూడాల్సిన పని కూడా లేదు. ఫ్యామిలీ కోర్టుల చట్టం 21వ సెక్షన్ హైకోర్టులకు సొంతంగా నియమాలు చేసుకునే అధికారమిచ్చింది. నోటీసు అందిన రెండు వారాల్లో బిడ్డను చూసే, మాట్లాడే ఏర్పాటు మీద తాత్కాలిక ఉత్తర్వు రావాలి. బిడ్డను రాష్ట్రం దాటించినవాళ్లు ఎక్కడ ఉంచారో, ఏ స్కూల్లో వేశారో, ఎందుకు తీసుకెళ్లారో పది రోజుల్లో అఫిడవిట్ దాఖలు చేయాలి. సరైన కారణం లేకపోతే ఆ తర్వాత గడిచిన కాలాన్ని "కుదురుకున్న" లెక్కలోకి తీసుకోకూడదు. కర్ణాటక హైకోర్టు, ఆంధ్రప్రదేశ్ హైకోర్టు రెండూ ఒకే రకం నియమం పెట్టుకుంటే సగం ట్రాన్స్‌ఫర్ పిటిషన్లకు పని తగ్గుతుంది. పెట్టేదేదో వేసవి సెలవుల లోపే పెట్టాలి. పిల్లల టీసీలు చేతులు మారేది ఎక్కువగా ఏప్రిల్, మే నెలల్లోనే.